పుట్టి మునిగిన కథ

“ఏం పుట్టి మునిగిందని ఇంత తొందర?”

బళ్ళారి కంటోన్మెంటులో తెలుగు మాట్లాడే ఇళ్ళలో ఈ ప్రశ్న తరచుగా వినబడుతుంది. బడికి ఆలస్యమైందని సగం అన్నం వదిలి లేచిన మనుమడిని అవ్వ అడుగుతుంది. రైలుకు గంట ముందే స్టేషనుకు బయలుదేరదామన్న భర్తను భార్య అడుగుతుంది. అడిగేవారికిగాని, అడిగించుకొనేవారికిగాని ఆ క్షణంలో కంటిముందు పుట్టి కనబడదు. అది మునగడమూ కనబడదు. వాడి వాడి అరిగిపోయిన నానుడి అది. అయితే ఆ మాట మొదట పుట్టిననాడు ఎక్కడో ఏదో నీటిమీద ఎవరి పుట్టియో నిజంగానే మునిగి ఉండాలి. భాష ఆ కేకను దాచుకొన్నది. ఆ పడవ ఎవరిదో, అందులో ఎవరున్నారో మాత్రం దాచుకోలేదు.

ఈ ఉపన్యాసానికి విషయం ఆ పడవ.

తెలుగులో పుట్టి అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి ధాన్యపు కొలత. ఇరవై తూములు ఒక పుట్టి. పుట్టెడు దుఃఖం అన్నప్పుడు వినబడేది ఆ కొలతే. రెండవది వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రని పడవ. దానికే అరిగోలు అన్న పేరూ తెలుగు నిఘంటువులకు ఎక్కినది; కన్నడంలో హరిగోలు అంటారు. తుంగభద్ర రెండు గట్లమీదా రెండు భాషలూ కలిసి బ్రతికినందువల్ల, ఈ పేరు ఏ ఒడ్డున పుట్టి ఏ ఒడ్డుకు దాటినదో తేల్చబూనడం వృథాశ్రమ. ఆ పేరును దాటించినదీ ఆ పడవే అయి ఉంటుంది.

పుట్టిని చూడనివారికి దాని నిర్మాణం కొంత చెప్పవలసి ఉన్నది. వెదురును నిలువుగా చీల్చి బద్దలు తీస్తారు. నేలమీద ఆ బద్దలను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పరచి చాపవలె అల్లుతారు. అల్లిక తగినంత వెడల్పు అయినాక బద్దల కొసలను పైకి వంచి, అంచు చుట్టూ మరిన్ని బద్దలను మెలిపెట్టి బిగిస్తారు. అప్పటికి అది పెద్ద గంప మాత్రమే. గంపను పడవగా మార్చేది తోలు. ఎద్దు తోలునో దున్నపోతు తోలునో తడిగా ఉన్నప్పుడే కుట్టి, గంప వెలుపల బిగించి అంచుకు కడితే, ఎండినకొద్దీ ముడుచుకొని అల్లికను పట్టివేస్తుంది. మేకు లేదు, రంపపు పని లేదు, ముందూ వెనుకా లేవు. చేపలవేటకు వాడే పుట్టి ఆరేడడుగుల అడ్డకొలత కలిగి, ఒక మనిషి నెత్తిమీద మోయగలిగినంత తేలికగా ఉంటుంది. రేవులో మనుషులను దాటించే పుట్టి అంతకు రెట్టింపు ఉండవచ్చు.

తోలు ఎంతసేపైనా నీటిలో ఉండలేదు, నానిపోతే కుళ్ళుతుంది. అందువల్ల వేట ముగియగానే పుట్టిని గట్టుకు లాగి, బోర్లించి ఎండబెట్టడం తప్పనిసరి. బోర్లించిన పుట్టి ఎండకు నీడ, వానకు చూరు. మనిషిని మోసిన పడవను తరువాత మనిషి మోయడం పడవల చరిత్రలో అంత అరుదైన విషయం కాదు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నగరానికి వచ్చే తోలుపడవలను వర్ణిస్తూ, ఒక్కొక్క పడవలో ఒక గాడిదను కూడా ఎక్కించుకొని వచ్చేవారని వ్రాశాడు. సరుకు అమ్ముడుపోయాక పడవ కర్రలను అక్కడే అమ్మివేసి, తోళ్ళను గాడిదమీద వేసుకొని నేలదారిని తిరిగి వెళ్ళేవారట; ఆ ప్రవాహానికి ఎదురుగా పడవ నడపడం అసాధ్యం కనుక. ఇరాకులోని నదులమీద గుండ్రని కుఫాలు, బ్రిటన్‌లో వేల్సు సీమ నదులమీద చిన్న తోలుపడవలు ఇటీవలి కాలం దాకా తిరిగాయి. మద్రాసు రాజధానిలో మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ ఈ పడవలన్నింటినీ పోల్చి పరిశీలించి, దక్షిణ భారతదేశపు పుట్టిపై ప్రత్యేకంగా వ్రాశాడు. ఈ జాతి పడవ ఒకచోట పుట్టి లోకమంతా ప్రాకినదా, లేక వెదురో కొమ్మో తోలో దొరికినచోటనెల్లా ఎవరికివారు కనుగొన్నారా అన్నది పండితుల వివాదం. తుంగభద్ర జాలరికి ఆ వివాదంతో పనిలేదు. అతనికి కావలసినవి వెదురు, తోలు, ఒక తెడ్డు.

ఈ ప్రాంతపు పుట్టిని గురించి కంటితో చూసి వ్రాసినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్. 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలాన, అతడు విజయనగరానికి వచ్చాడు. ఆనెగొంది వైపు నది దాటే ప్రజలను చూసి, లోపల బెత్తంతో అల్లి బయట తోలు కప్పిన గంపలవంటి గుండ్రని పడవలలో పదిహేను ఇరవైమంది దాటుతారని, అవసరమైతే గుర్రాలను ఎద్దులను కూడా ఎక్కిస్తారని వ్రాశాడు. అవి తిన్నగా పోవు, ఎల్లప్పుడూ గిరగిర తిరుగుతూనే పోతాయన్న ముక్కను కూడా అతడు విడిచిపెట్టలేదు. రాజ్యమంతటా ఏరులున్నచోట్ల ఇవి తప్ప వేరే పడవలు లేవన్నాడు. ఆ రచనను రాబర్టు సీవెల్ ఆంగ్లంలోకి తెచ్చి 1900లో ప్రకటించిన తన విజయనగర చరిత్ర గ్రంథంలో చేర్చాడు. ఏనుగుల అంబారీలు, రత్నాల అంగళ్ళు చూసి ఆశ్చర్యపడిన మనిషి ఒక గంపపడవకు నాలుగు వాక్యాలు కేటాయించాడంటే, ఆ తిరుగుడు అతనికి ఎంత వింతగా తోచి ఉండాలి! మహానగరం 1565 తరువాత శిథిలమైనది. ఆ నాలుగు వాక్యాలలోని పడవ మాత్రం తాళ్వారఘట్ట రేవులో మరి నాలుగున్నర శతాబ్దాలు అదే విధంగా తిరుగుతూ నది దాటించింది.

కంటోన్మెంటుకు ఈ పడవతో ఉన్న సంబంధం కూడా తక్కువది కాదు. 1800 సంవత్సరంలో ధోండియా వాఘ్‌ను వెంటాడుతూ ఆర్థర్ వెల్లెస్లీ సేనలతో తుంగభద్ర దాటాడు. ఆ ఏడే నిజాము బళ్ళారి మొదలైన సీమలను కంపెనీకి దత్తం చేశాడు. కంపెనీ దళాలు ఇక్కడ విడిది చేయడంతో ఈ పేటకు కంటోన్మెంటు అన్న పేరు స్థిరపడినది. తరువాత 1803లో మరాఠా యుద్ధానికి పోతూ, నదులు పొంగే కాలంలో ఫిరంగులు, తిండిగింజలు దాటించేదెలా అన్న చింతతో వెల్లెస్లీ గంపపడవలు చేయించి సిద్ధంగా ఉంచవలసినదిగా ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాశాడు. వాటర్లూలో నెపోలియను చక్రవర్తిని ఓడించిన సేనాపతి అంతకు ముందు పన్నెండేళ్ళకు మేదరివాని వెదురుబద్దల లెక్క చూసుకొన్నాడు. అప్పుడు ఆ గంపలను అల్లినవారి పేర్లు ఆ ఉత్తరాలకెక్కి ఉంటాయని ఆశించనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది నదిమీది కథ. తరువాత నది సరస్సు అయినది.

1945 ఫిబ్రవరి 28న హోసపేట సమీపాన తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నదికి ఒక వైపు నిజాము రాజ్యం, మరొక వైపు మద్రాసు రాజధాని. కనుక రెండు వైపులా రెండు శిలలు నాటారు. 1953లో నీరు నిలిచింది. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు చెందాయి. నేలమీద సరిహద్దుగీత, నీటిమీద రాతిగోడ ఒక్క ఏడాదిలోనే పడ్డాయి. నిండినప్పుడు 378 చదరపు కిలోమీటర్లు పరచుకొనే ఆ జలాశయం క్రింద ఎన్నో గ్రామాలు మునిగిపోయాయి. వాటిలో నారాయణదేవరకెరె ఒకటి; ఆ ఊరివారు లేచి వచ్చి మరియమ్మనహళ్ళిలో స్థిరపడ్డారు. చెరువు పేరు పెట్టుకొన్న ఊరు చెరువులోనే కలిసిపోయింది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడిన తరువాత ఆ సరస్సు బళ్ళారి జిల్లాలో లేకుండా పోయింది. కాలువలు మాత్రం జిల్లా గీతను లెక్కచేయలేదు. బళ్ళారి నగరం ఇప్పటికీ తుంగభద్ర నీరే త్రాగుతున్నది.

ఊళ్ళు లేచిపోయిన నీటిమీదికి పుట్టి వచ్చింది. జలాశయంలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదిలారు. నదిలో మునుపటినుంచీ ఉన్న వాలుగ, జెల్ల మొదలైనవి ఎలాగూ ఉన్నాయి. స్థానికులైన బెస్తలు, గంగామతస్థులు వేటకు దిగారు. కోస్తా ఆంధ్రం నుండి కూడా జాలరులు కుటుంబాలతో తరలివచ్చి, గట్టున గుడిసెలు వేసుకొని, అలివి అనే పెద్ద లాగుడువలతో చిన్నచేపను పట్టి ఎండబెట్టి అమ్మేవారు. పిల్లచేపలన్నీ ఆ వలలోనే పోతున్నాయని మత్స్యశాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. సముద్రం విడిచి ఇంత దూరం వచ్చినవారికి మరొక తిండిదారి ఏదన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. సముద్రపు పడవలకు అలవాటుపడినవారు సైతం ఇక్కడికి వచ్చి పుట్టి ఎక్కారు. నాగార్జునసాగరంలోనూ, శ్రీశైలం జలాశయంలోనూ జరిగినది ఇదే. ధర తక్కువ, బరువు తక్కువ, చెడిపోతే వారంలో మరొకటి. పేదవానికి అందిన పడవ అది ఒక్కటే.

చిక్కు ఏమిటంటే, పుట్టి పారే నీటికి తయారైన పడవ. నదిలో ప్రవాహానికి ఒక దిక్కు ఉంటుంది. దాటేవాడు రేవుకు కొంత ఎగువన దిగి, తెడ్డుతో నీటిని తనవైపు లాగుకొంటూ, ప్రవాహం క్రిందికి నెట్టేంతలో అవతలి రేవు చేరుకొంటాడు. లోతు తక్కువైనచోట గడ నేలకు తగులుతుంది. రాళ్ళకు కొట్టుకొన్నా వెదురు వంగుతుందే గాని విరగదు. అడుగు చదునుగా ఉండడం వల్ల మోకాటిలోతు నీటిలోనూ తేలుతుంది. ఈ గుణాలన్నీ సరస్సు నడుమ పనికిరాకపోవడమే గాక కొన్ని దోషాలుగా మారుతాయి. అక్కడ గడకు నేల అందదు. నీటికి దిక్కు లేదు; దిక్కు అంతా గాలిదే. నైరృతి ఋతుపవనాలు బలంగా వీచే నెలలలోనే జలాశయం నిండుతుంది. అడ్డులేని నీటిమీద మైళ్ళకొద్దీ పరుగెత్తిన గాలి నదిలో ఎన్నడూ లేని అలలను లేపుతుంది. నీటిని చీల్చుకొని నిలిచే వెన్నుకర్ర పుట్టికి లేదు; గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. అందులో మోకాళ్ళమీద కూర్చున్న మనిషి వల లాగడానికి ఒక అంచువైపు వంగితే బరువంతా ఆ అంచుమీద పడుతుంది. అలా వంగిన క్షణంలో అల వచ్చి తగిలితే, అంచు మీదుగా ప్రవేశించిన నీరు మళ్ళీ బయటకు పోదు. వల కాలికి చుట్టుకొంటే ఈత వచ్చినా రానట్లే. దీనికంతకూ కొన్ని నిమిషాలు చాలు.

పుట్టి మునిగిందంటే జరిగేది ఇది.

ఇలా సరస్సులో మునిగిన ఒక చిన్న చేపలపడవకు సంపూర్ణమైన చరిత్ర లభించిన సందర్భం లోకంలో లేకపోలేదు. 1986 జనవరిలో, అనావృష్టివల్ల నీరు తగ్గిన గలిలయ సరస్సు ఒడ్డున ఇద్దరు జాలరి సోదరులకు బురదలో ఒక పడవ ఆకారం కనబడింది. ఎనిమిది మీటర్లకు పైగా పొడవు, రెండుంబావు మీటర్ల వెడల్పు. వయస్సు సుమారు రెండువేల సంవత్సరాలు. నీరు మళ్ళీ పెరిగి ముంచకముందే, పగలు రాత్రి పనిచేసి పన్నెండు దినాలలో దానిని త్రవ్వి తీశారు. పరిశీలిస్తే అందులో పదికి మించిన రకాల కర్ర ఉన్నది. మంచి కలప కొనలేని యజమాని పాతపడవల ముక్కలు తెచ్చి అతికి అతికి వాడుకొన్నాడన్నమాట. పేరు తెలియని ఆ జాలరి పేదరికం, పొదుపు, పనితనం అన్నీ ఆ చెక్కలే చెప్పాయి. ఇప్పుడు ఆ పడవకు ప్రత్యేకంగా ఒక ప్రదర్శనశాల ఉన్నది.

తుంగభద్ర జలాశయంలో మునిగిన పుట్టికి అటువంటి భాగ్యం కలుగదు. తోలును చేపలు, పురుగులు తింటాయి. నానిన వెదురు చీలి, విడిపోయి, ఒండ్రులో కలుస్తుంది. ఆ ఒండ్రు కూడా సామాన్యమైనది కాదు. నీరు నిలిపిన మొదట్లో సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 105 టి.ఎం.సి.లకు పడిపోయింది, మిగిలిన చోటంతా పూడిక ఆక్రమించింది. ఎంత కరవు వచ్చి నీరు ఎంత ఇంకినా అక్కడ పడవ ఆకారం బయటపడదు. పుట్టికి శిథిలం ఉండదు. కాబట్టి దాని చరిత్ర నీటి అడుగున లేదు. ఒడ్డుమీద మాటలలోనూ, కాగితాలలోనూ ఉండాలి. మాటల సంగతి చెప్పుకొన్నాము: ఒక నానుడి మిగిలినది. ఇక కాగితాలు.

కాగితాల విషయంలో పుట్టికి మొదటినుంచీ అన్యాయమే జరిగింది. 1917 నాటి దేశాంతర్గత నౌకాచట్టం ఆవిరి పడవలకు, యంత్రపు పడవలకు వర్తించింది. తెడ్డు పడవ ఆ చట్టం దృష్టిలో పడవే కాదు. దానికి నంబరు లేదు, యజమాని పేరు వ్రాసిన పుస్తకం లేదు, ఎందరు ఎక్కవచ్చునన్న హద్దు లేదు. అది మునిగితే పత్రికలో ఒక మూల రెండు పంక్తులు వస్తాయి. 2020 ఆగస్టులో రాయచూరు జిల్లాలో కృష్ణానదిమీద, తెలంగాణ గట్టునుండి లంకకు తిరిగి వస్తున్న పుట్టి బోల్తాపడి నలుగురు గల్లంతయ్యారు. అంతమంది పోయినప్పుడు వార్త అయినది. ఒక్క మనిషి, ఒక్క వల, ఒక్క పుట్టి పోయినప్పుడు అదీ కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట పంతొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోతే మరునాటికి దేశమంతా విన్నది. వినదగినదే, మూడు రాష్ట్రాల పంటలు దానిమీద ఆధారపడి ఉన్నాయి. ఆ ఇనుపతలుపుకు వరుస సంఖ్య ఉన్నది. దానిముందు నీటిమీద తిరిగే పుట్టికి లేదు.

నంబరు లేకపోవడం చరిత్రకారుని ఇబ్బంది మాత్రమే అయితే సహించవచ్చు. అది ఒక ఇంటి ఇబ్బంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన క్రింద, నమోదైన జాలరి ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి ఐదు లక్షల రూపాయల బీమా ఉన్నది. శాశ్వతంగా పాక్షిక వైకల్యం కలిగితే రెండున్నర లక్షలు. అయితే మరణం నిరూపించాలి. శరీరం దొరకనప్పుడు చట్టం సాధారణంగా ఏడు సంవత్సరాలు ఆగమంటుంది. ఆ దినం అతడు నీటిమీదికి వెళ్ళినట్లు, ఫలానా పడవలో వెళ్ళినట్లు ఎక్కడా వ్రాసి ఉండకపోతే, భార్య చెప్పే మాట తప్ప వేరే ఆధారం ఉండదు. పొరుగు రాష్ట్రం నుండి వచ్చి గట్టున గుడిసె వేసుకొన్నవారికి ఆ మాటను ఏ కార్యాలయంలో, ఏ భాషలో చెప్పుకోవాలో కూడా తెలియదు.

ఈ లోగా తోలుపుట్టి తానుగా కనుమరుగైనది. తోలు స్థానంలో మొదట టార్పాలిను వచ్చింది; తరువాత ఎరువుల సంచుల ప్లాస్టిక్ గుడ్డ, దానిమీద తారు పూత వచ్చాయి. ఇప్పుడు ఫైబరు పుట్టులు అచ్చుపోసి అమ్ముతున్నారు. ఈ మార్పును చూసి దుఃఖించడం ఒడ్డున ఉన్నవారికి సులభం. ప్లాస్టిక్ కుళ్ళదు, రోజూ ఎండబెట్టనక్కరలేదు, తోలు ఖర్చు లేదు. వాడేవాడు ఏది ఎంచుకొంటాడో వేరే చెప్పనక్కరలేదు. పోయినది మేదరి, తోలుపనివాడు, జాలరి ముగ్గురినీ ఒక్క వస్తువుచుట్టూ కూర్చోబెట్టిన పని. హంపి ప్రాంతంలో మాత్రం పుట్టికి మరొక విధమైన ఆయుర్దాయం దక్కింది. ఆనెగొందికి కట్టబోయిన వంతెన ప్రపంచ వారసత్వ నియమాలకు విరుద్ధమన్న వివాదంలో ఏళ్ళ తరబడి చిక్కుకొని, చివరకు 2009 జనవరిలో నిర్మాణంలో ఉండగానే కూలిపోయింది. వంతెన లేనన్నాళ్ళు రేవులో పుట్టులకు పని ఉన్నది. ఇప్పుడు యాత్రికులను ఎక్కించుకొని, నది నడుమకు తీసుకుపోయి, వారి ముచ్చటకోసం గిరగిర త్రిప్పి తెస్తున్నారు. పాయెస్‌కు వింతగా తోచిన ఆ తిరుగుడే నేడు డబ్బు తెచ్చే గుణం.

2021లో పార్లమెంటు పాత చట్టాన్ని తీసివేసి కొత్త దేశాంతర్గత నౌకాచట్టం చేసింది. యంత్రంలేని పడవలకు అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. అటువంటి పడవలను స్థానిక స్వపరిపాలన సంస్థల స్థాయిలో నమోదు చేయించడానికి రాష్ట్రప్రభుత్వాలకు అది అవకాశం ఇచ్చింది. పాయెస్ చూసిన అయిదువందల సంవత్సరాలకు పుట్టి పేరు ఒక పుస్తకంలో వ్రాయడానికి చట్టపు దారి ఏర్పడిందన్నమాట. ఆ పుస్తకంలో ఉండవలసినవి ఎక్కువేమీ కావు: యజమాని పేరు, ఊరు, పుట్టి కొలత, ఎక్కదగినవారి సంఖ్య, అంచుమీద రంగుతో వ్రాసిన అంకె. గ్రామపంచాయతి గుమాస్తా ఒక పూటలో ఒక రేవు ముగించవచ్చు. మధ్యాహ్నం వెళ్ళడం మంచిది. తెల్లవారుజామున వలలు తీసి వచ్చినవారు ఆ వేళకు భోజనం చేసి, గట్టున బోర్లించిన పుట్టుల నీడలో పడుకొని ఉంటారు.